ఉల్లి, వెల్లుల్లి లేని ఏజెన్సీ

నూనె మిల్లు మూతపడ్డాక నా చేతిలో మిగిలింది లెక్క ఒక్కటే. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది కానీ, ఇరవై ఏళ్లు పల్లీ బస్తాల కాటా దగ్గర కూర్చోవడం వల్ల ఎంత పెద్ద కూడికైనా కాగితం లేకుండా చెప్పగలిగేవాణ్ని. నలభై మూడేళ్ల వయసులో ఆ విద్య ఎవరికి కావాలి? వనపర్తిలో నాలుగు నెలలు ఖాళీగా తిరిగాను. అప్పుడే, రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, హైదరాబాదు కంపెనీ ఒకటి ఉల్లి, వెల్లుల్లి లేని సాత్విక ఆహారం ప్యాకెట్లు అమ్మడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూళ్లకూ కలిపి ఒక డిస్ట్రిబ్యూటర్ కోసం చూస్తోందని తెలిసింది.

మొదట నవ్వింది నా భార్యే. ఆమెది ఉప్పునుంతల దిక్కు రైతు కుటుంబం.

"ఎల్లిగడ్డ లేని కారం ఎవడు తింటడయ్యా?"

నాగర్‌కర్నూలు కిరాణా దుకాణదారు ఇంకో అడుగు ముందుకు పోయాడు. "అన్నా, గిది అమ్మాలంటే ముందుగాల ఊరందరికీ జెరం రావాలె."

నేను నవ్వలేదు. పదిహేను రోజులు మూడూళ్లూ తిరిగి ఇళ్లు లెక్కపెట్టాను. మార్వాడీ దుకాణాలవాళ్లు, లింగాయతులు, గద్వాలలో మధ్వ బ్రాహ్మణుల ఇళ్లు, ఏకాదశి ఒక్కపొద్దులు ఉండేవాళ్లు, మాల వేసుకునేవాళ్లు. ఒక్కో ఇంటికి నెలకు ఎన్ని ప్యాకెట్లు పోతాయో వేసుకుని, ఆ కాగితం తీసుకుని హైదరాబాదు వెళ్లాను. కంపెనీ మేనేజరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మూడు నెలలు చూస్తామన్నాడు. నెలకు అరవై పెట్టెల చొప్పున అమ్మితే మూడూళ్లూ నా పేరున రాస్తారు. తగ్గితే ఇంటికి. ఇంకో షరతు కూడా చెప్పాడు. చిరిగిన ప్యాకెట్టు ఏదైనా సరే అమ్మకూడదు, వెనక్కి పంపాలి.

"కట్టిన దాంట్లో ఏముందో మేం చెప్పగలం. విప్పాక ఏం కలిసిందో ఎవరూ చెప్పలేరు" అన్నాడు.

సరేనని సంతకం పెట్టాను.

మొదటి నెలన్నర ఎలాగో గట్టెక్కాను. అప్పుడు హనుమాన్ దీక్షలు వచ్చాయి. గద్వాలలో ఒక చీరల నేతగాడు ఇరవై ఒక్క మందికి మాల వేయించిన గురుస్వామి. అందరూ ఆయన ఇంటి ముందు తాటాకు పందిరి కింద నలభై ఒక్క రోజులు మధ్యాహ్న భిక్ష తింటారు. ఆయన సరేనంటే ఇరవై రెండు విస్తళ్లు. ఆయన్ను చూసి మిగతా దీక్షల గుంపులూ, వాళ్ల వెనక దుకాణాలూ. నా లెక్కంతా ఆయన మీదే నిలబడి ఉంది.

ఆయన మగ్గం గుంటలో కూర్చునే నన్ను నాలుగుసార్లు అడిగాడు.

"ఎల్లిగడ్డ లేదు గద స్వామీ?"

"లేదు స్వామీ."

"ఎల్లిగడ్డ ముట్టిన చెయ్యి గూడ తగల్లేదు గద?"

"లేదు."

"నీ మీద అనుమానం గాదు. నన్ను నమ్మి తింటరు వీళ్లు. పూచీ నాది. నాకు పూచీ నువ్వు."

ముప్పై ఆరు రోజులు సవ్యంగా గడిచాయి. ఆ రోజు రాత్రి బస్సులో వచ్చిన మూడు కిలోల కందిపొడి సంచికి ఎవరిదో రేకుపెట్టె మూల గుచ్చుకుని పక్కన చీరుకుపోయింది. వెనక్కి పంపితే కొత్తది రావడానికి రెండు రోజులు. గద్వాలలో పొడి అయిపోయింది, మర్నాడే కావాలి. చిరిగిన చోటు దగ్గర రెండు పిడికిళ్లు తీసి పారేశాను. మిగిలినదంతా శుభ్రంగానే ఉంది. ఇంట్లో ఖాళీ జాడీ ఏదైనా ఇమ్మన్నాను. భార్య ఇచ్చింది. పొడి అందులో పోసి, మూతికి గుడ్డ కట్టి, పొద్దున మొదటి బస్సులో గద్వాలలో ఇచ్చి వచ్చాను.

రెండో రోజు సాయంత్రం, ఏజెన్సీ కోసం పెట్టించుకున్న ఫోనుకు గురుస్వామి బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"ఈసారి పొడి మంచిగున్నది స్వామీ. అందరు మళ్ల మళ్ల ఏసుకున్నరు. గింతకుముందు గిట్ల లేకుండె."

ఆ మాట తలుచుకుంటూ నిశ్చింతగా నిద్రపోయాను. ఇంకో పన్నెండు పెట్టెలు అమ్ముడైతే లెక్క పూర్తి. అవి కావాలని గద్వాల దుకాణాలు అప్పటికే చెప్పి ఉన్నాయి. సోమవారం మేనేజరు కాగితాలతో వస్తాడు.

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు భార్య రోట్లో ఏదో నూరుతూ అడిగింది.

"ఆ జాడీ ఎప్పుడు తెస్తవు? ఎల్లిగడ్డ కారం నూరిన, పెట్టనీకె జాడీ లేదు."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. "ఏ జాడీ?"

"గద్వాలకు కొంచవోయినవు గద, అదే."

"అది నిమ్మకాయ తొక్కు జాడీ కదా?"

"అది అటక మీదున్నది. ఇది కారం జాడీ. రెండు ఒక్క తీర్గనే ఉంటయి గద."

"కడిగినవా?"

"కడగకుంటే ఇస్తనా? రెండు పూటలు ఎండకు వెట్టిన. జాడీ కడిగితె జాడీయే." నా మొహం చూసి రోకలి ఆపింది. "ఏమైతదయ్యా గంత మాత్రానికి? వాళ్లకు తెల్వదు. కావాలని చెయ్యలేదని దేవునికి తెల్వదా?"

ఆమె తప్పేం లేదు. మా ఇళ్లలో కడిగిన గిన్నె శుభ్రమైన గిన్నె. చికెను వండిన తపేలా కడిగి పాలు కాచుకుంటాం. మాల వేసుకున్నవాళ్లు దీక్షకు వేరే గిన్నెలు కొనుక్కోవడం చూస్తూనే ఉన్నా, అది ఎందుకో నా లెక్కలోకి రాలేదు. ఇళ్లు లెక్కపెట్టాను, విస్తళ్లు లెక్కపెట్టాను. నా ఇంటి జాడీ ఏదో అడగలేదు. ఏళ్ల తరబడి జాడీకి పట్టిన వెల్లుల్లి వాసన కడిగితే పోదు. పొడి ఎందుకు రుచిగా ఉందో అప్పుడు అర్థమైంది.

ఇరవై రెండు మంది, రెండు భిక్షలు. నలభై నాలుగు విస్తళ్లు అయిపోయాయి. ఆ మధ్యాహ్నం తింటే అరవై ఆరు. ఎల్లుండి ఆదివారం వాళ్లంతా బీచుపల్లిలో మాల తీస్తారు.

గురుస్వామి ఇంటి పక్కన నూలు దుకాణానికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. ఇంకా రెండుసార్లు చేసి, ముందురాత్రి బస్సులో కొత్తగా వచ్చిన విప్పని కందిపొడి ప్యాకెట్లు ఆరు సంచిలో వేసుకుని బస్టాండుకు పరుగెత్తాను. గద్వాల బస్సు పదింటికి గానీ కదల్లేదు.

ఆ ఆరు ప్యాకెట్లు ఎందుకు తీసుకున్నానో దాచుకోను. జాడీలో పురుగు పట్టినట్టుంది అని చెప్పి, అది తీసుకుని ఇవి ఇచ్చి వచ్చేయొచ్చు. మూడో భిక్ష ఆగుతుంది. జరిగిన రెండూ ఎవరికీ తెలియవు. ఏజెన్సీ నిలబడుతుంది. చెబితే గద్వాల దుకాణాలు ఆ సాయంత్రానికే సరుకు వద్దంటాయి, పన్నెండు పెట్టెలూ పోతాయి. ఎటు కూడినా నోరు మూసుకుంటేనే లాభం వస్తోంది.

పెబ్బేరులో మర్నాటి సంతకు పశువులను దింపుతున్న లారీలు రోడ్డుకు అడ్డంగా నిలిచాయి. ముప్పావు గంట బస్సు కదలలేదు. కండక్టరును రెండుసార్లు అడిగాను.

"ఎడ్లను నేను దింపాల్నా ఏంది? కూసో పెద్దమనిషి" అన్నాడు.

కృష్ణ దాటేటప్పుడు బస్సులో అందరూ బీచుపల్లి ఆంజనేయునికి దండం పెట్టుకున్నారు. నా చేతులు సంచి మీదే ఉండిపోయాయి.

గద్వాలలో దిగేసరికి పన్నెండున్నర. పందిరి కింద సిందూరం రంగు బట్టల్లో వరుసగా కూర్చున్నారు. విస్తళ్లు వేశారు, అన్నం వడ్డిస్తున్నారు. మా జాడీ మధ్యలో ఉంది, అందులో గరిటె ఉంది.

"లెక్కల స్వామి వచ్చిండు" అన్నాడు వరుసలో ఒకాయన. "మెతుకులు లెక్కవెడ్తడేమో, జర చూసుకోని తినుండ్రి."

నవ్వారు. గురుస్వామి గరిటె అందుకోబోతున్నాడు.

"స్వామీ, ఒక్క మాట."

"భిక్ష అయినంక మాట్లాడుకుందం, కూసో."

"కాకముందే చెప్పాలె."

సంచిలోంచి ప్యాకెట్లు తీశాను. పురుగు మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, నాలుగుసార్లు అడిగినప్పుడు చూసినట్టే. పక్కకు పిలిచి జాడీ సంగతి మొత్తం చెప్పాను. సంచి చిరగడం నుంచి మొదలుపెట్టాను.



"నీకెప్పుడు తెల్సింది?"

"పొద్దున ఎనిమిదింటికి."

"నువ్వు రాకుంటే మాకు తెలుస్తుండెనా?"

"తెల్వదు."

"మరెందుకొచ్చినవు? ఎల్లుండైతే అయిపోతుండె గద."

"మీరు పూచీ అడిగిండ్రు."

ఆయన పందిరి కిందికి వెళ్లి అందరికీ చెప్పాడు. గొంతు పెంచలేదు. విస్తళ్ల ముందు నుంచి ఒక్కొక్కరే లేచారు. ఇందాక నవ్వించినాయన నా దగ్గరికి వచ్చాడు.

"ముప్పై తొమ్మిది రోజులు నేల మీద పండుకున్న. నా బిడ్డకు బాగుండాలని. నీ పొడి అమ్ముకోనీకె నేనే దొరికిన్నా?"

 

"ఆగు స్వామీ" అన్నాడు గురుస్వామి. "తెల్వక తిన్నదానికి మీకు దోషం లేదు. ఈ పూట ఉపాసం ఉండుండ్రి. ఆదివారం కృష్ణల మునిగి మాల తియ్యుండ్రి. మీరు పూచీ పడలె. నేను పడ్డ. నా మాల నేను తియ్య. ఇయ్యాల నాకు ఒకటో దినం."

"మల్ల నలబై ఒకటా?" అన్నారెవరో.

"నలబై ఒకటి."

నా వైపు తిరిగి జాడీ చేతికిచ్చాడు. ప్యాకెట్లు ముట్టుకోలేదు. "నువ్వు చెప్పినందుకు నీ మీద కోపం లేదు. చిరిగిన సంచి తెచ్చినందుకున్నది. గద్వాలల ఎవరడిగినా ఉన్నది ఉన్నట్టే చెప్త."

చెప్పాడు. ఆ సాయంత్రమే రెండు దుకాణాలు, శనివారం మిగతావి చెప్పిన సరుకు వద్దన్నాయి.

సోమవారం మేనేజరు వచ్చి పుస్తకం చూశాడు. పన్నెండు పెట్టెలు తక్కువ. ఆయన అడగకముందే జరిగింది చెప్పాను.

"చిరిగింది వెనక్కి పంపమన్నాను కదా" అన్నాడు.

"అన్నారు."

"వీళ్లకు నువ్వే చెప్పావా, వాళ్లే పట్టుకున్నారా?"

"నేనే చెప్పాను."

పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. "వనపర్తి, నాగర్‌కర్నూలు రాస్తాను. గద్వాల నీకివ్వలేను." టైపు చేసిన కాగితంలో మూడూళ్ల పేర్లున్న చోట మొదటి దాన్ని అడ్డంగా కొట్టేసి, గీత పక్కన నన్ను విడిగా సంతకం పెట్టమన్నాడు.

పెట్టాను. రెండూళ్లకు డిస్ట్రిబ్యూటర్‌ను అయ్యాను. ఆ రోజు గద్వాలలో గురుస్వామికి నాలుగో దినం. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఇంకా ముప్పై ఏడు రోజులు ఆయన నేల మీద పడుకోవాలి.