పక్క గెలాక్సీ పాతిక బారల దూరం

మా బడి వరండా గోడ మీద పాలపుంత వేసిన పెయింటరు సంగతి చెప్తాను, వినండి. నాకన్నా చిన్నవాడే అయినా, పిల్లల నోట విని విని నేనూ బాబాయి అనేస్తుంటాను.

బాబాయిది షాపుల బోర్డులు రాసే పని. మొదటి అక్షరం ఇంత లావున, దర్జాగా మొదలెడతాడు. చివరికొచ్చేసరికి జాగా చాలక అక్షరాలు బస్సులో జనంలా తోసుకుంటుంటాయి. ఏ బోర్డు ఆయన రాసిందో కుడిపక్క చూస్తే తెలిసిపోతుంది.

అలాంటి మనిషికి హెడ్‌మేడం వరండా గోడ అప్పజెప్పింది. ఈ చివర మన పాలపుంత, ఆ చివర పక్క గెలాక్సీ ఆండ్రోమెడా వెయ్యాలి. అలవాటు కొద్దీ ఆయన పాలపుంతని చేతులు రెండూ చాపినంత, నిండా బారెడు వెడల్పున వేసేశాడు. ఎంత బాగుందో, రిటైరయ్యానన్న మాటే మర్చిపోయి రోజూ వెళ్లి నిలబడేదాన్ని.

రెండోది ఎంత దూరంలో వెయ్యాలని నన్నడిగాడు. నేను ఆగుతానా? మన గెలాక్సీ ఈ కొస నుంచి ఆ కొసకి వెలుగు పోవాలంటే లక్ష ఏళ్లు, ఆండ్రోమెడా నుంచి ఇక్కడికి రావాలంటే పాతిక లక్షలు, కాస్త అటూ ఇటూ అని చెప్పేశాను. అంటే పాతిక పాలపుంతలు వరసగా పేర్చినంతే. వాటి వాటి సైజుతో పోలిస్తే నక్షత్రాలేమో అంతంత ఎడంగా ఉండి, గెలాక్సీలు ఇంత ఇరుగుపొరుగుగా ఉండటమేమిటో, తల్చుకుంటే నాకిప్పటికీ కితకితలు పెట్టినట్టుంటుంది.

బాబాయి మొహం మాత్రం వాడిపోయింది. వరండా పట్టుమని పది బారలు లేదు. హెడ్‌మేడం ఉన్నంతలో ఇరికించమంది, కాదంటే శనివారం గోడంతా సున్నం కొట్టించేస్తానంది.

"బతుకంతా ఇరికిస్తూనే ఉన్నాను టీచరమ్మా. ఇదొక్కటి ఇరికించలేను" అన్నాడు.

దారం కొస నా చేతికిచ్చి పాలపుంత దగ్గర నిలబెట్టాడు. బార తర్వాత బార కొలుచుకుంటూ వరండా దాటాడు, గేటు దాటాడు, రోడ్డు దాటాడు. ఎదురుగా ఇస్త్రీ అక్క గోడ దగ్గర ఆగాడు. నేనూ దారం కిటికీకి కట్టేసి వెనకాలే పరిగెత్తాను.

అక్క ఇస్త్రీపెట్టె దించకుండానే సంగతంతా విని, "పాతిక లక్షల ఏళ్ల నాటి వెలుగంటున్నావు. నా గోడకి పాత సరుకు అంటగడతావా తమ్ముడూ?" అంది.

"అంతకన్నా కొత్తది ఎవరి దగ్గరా లేదక్కా."

అది మనదానికన్నా పెద్దదా అని అడిగింది. పెద్దదేనన్నాను. అయితే వెయ్యమంది.

శనివారం హెడ్‌మేడం సున్నం బక్కెట్టుతో మనిషిని వెంటేసుకుని వచ్చింది. బాబాయి అడ్డం వెళ్లలేదు, దారం చూపించాడంతే. ఆవిడ దాని వెంబడే నడుచుకుంటూ రోడ్డు దాటి, అక్క గోడ మీద తడి ఆరని ఆండ్రోమెడా ముందు నిలబడిపోయింది.

"మీది చెరిపేస్తే ఇది దేనికి పక్కదవుతుంది మేడం?" అంది అక్క, చొక్కా మడతపెడుతూ.

సున్నం బక్కెట్టు బాత్‌రూముల వైపు వెళ్లిపోయింది. మిగిలిన వరండా గోడంతా నల్లరంగు వెయ్యమంది హెడ్‌మేడం. ఒక్క చుక్కయినా పెట్టవయ్యా అని నేను బతిమాలుతున్నాను. అంత దూరం మధ్యలో దాదాపు ఏమీ లేదని మీరేగా చెప్పారంటాడు, వినడు. పిల్లలు పాలపుంతని వదిలేసి ఆ నల్లగోడకి ముక్కు ఆనించి చూస్తున్నారు.