ఎర్రదిబ్బ ఎక్కిన పచ్చి తుమ్మ సిలువ

మా రాయప్ప మామ ఫోన్‌లో అర నిమిషం మించి మాట్లాడడు. అలాంటిది పోయిన నెల ఒకరోజు పది నిమిషాలు వదల్లేదు. “శుక్రారం సిలువ మార్గానికి రా బిడ్డా. కొత్త సిలువ చేసిన. ఒక్కన్నే చేసిన,” అన్నాడు. ‘ఒక్కన్నే’ అన్న మాట ఇంకో రెండుసార్లు కూడా అన్నాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు, జహీరాబాద్‌లో వడ్రంగి. రెండేళ్ల కిందట కోత మిషన్‌లో పడి కుడిచేతి వేళ్లు రెండు వంగకుండా పోయాయి. అప్పటి నుంచి తలుపుకీ మంచానికీ ఆయన్ని పిలిచేవాళ్లు లేరు. గుడిలో పాత సిలువకు చెదలు పడితే, కొత్తది తానే చేస్తానని పట్టుబట్టి నెల రోజులు రంపంతో కుస్తీ పట్టాడట. పోకుండా ఎలా ఉంటాను?

లింగంపల్లిలో ఆరు గంటలకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు చార్జీ లేదు. మగవాళ్లు రెండొందలు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. సంగారెడ్డి, సదాశివపేట మీదుగా ముంబై రోడ్డులో రెండుంపావు గంటల ప్రయాణం. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ నలభై రోజుల తపస్సు కాలంలో నేను చాయ్ మానేశాను. అది మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద పెట్టించుకుంటూ ఆవేశంలో మొక్కేశాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటానికి ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు. సదాశివపేటలో బస్సు ఆగినప్పుడు పక్క సీటావిడ అల్లం చాయ్ తెప్పించుకుంది. ఆవిడ మీద నాకు కలిగిన ఆలోచనలకు ఫాదర్ దగ్గర వేరే పాపసంకీర్తనం చేయాలి.

జహీరాబాద్ బస్టాండ్ నుంచి గుడికి ఆటో ఇరవై రూపాయలు. “సిలువ మోసేటందుకు వచ్చిన్రా మేడం?” అన్నాడు డ్రైవర్ నవ్వుతూ. చూడటానికే వచ్చానన్నాను. “చూసేటోళ్లనే పట్టుకుంటరు వాళ్లు. జర పైలం,” అన్నాడు. వేళాకోళం అనుకున్నాను.

గుడి ఆవరణలో కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మూడొందల మందికి పైగా ఉన్నారు. చాలామంది నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఈ విచారణలో, అంటే ఈ గుడి కిందికి వచ్చే ఊళ్లన్నిటిలో, తపస్సు కాలంలో ఒక శుక్రవారం సిలువ మార్గం గుడిలో జరగదు. ఊరు దాటి ఏడు కిలోమీటర్లు నడిచి, ఎర్రదిబ్బ మీద ఉన్న చిన్న గుడి దాకా పోతుంది. దారి పొడవునా పద్నాలుగు స్థలాలు. ఒక్కో స్థలం దగ్గర ఆగి, క్రీస్తు శ్రమల్లో ఒక ఘట్టాన్ని తలుచుకుని ప్రార్థిస్తారు. గుడిలో లేచిన సిలువ దిబ్బ మీద పాతేదాకా నేల తాకకూడదు. మూడు గంటలకల్లా చేరాలి. ఎనిమిది మంది చొప్పున ఊరి వంతున భుజం మారుస్తారు. ఐదో స్థలం దగ్గర మాత్రం ఇంకో ఆచారం. దారిన పోయే సీమోను అనే మనిషి చేత సైనికులు క్రీస్తు సిలువ మోయించిన చోటు కదా అది. అందుకని ఇక్కడ కూడా రోడ్డు పక్కన కనపడినవాళ్లలో, గుడికి సంబంధం లేని ఒకరిని పిలిచి భుజం పెట్టిస్తారు. దాన్ని ‘సీమోను వంతు’ అంటారు. సాయంత్రం గంజిలో మొదటి గరిటె వాళ్లకే.

మామ సిలువ పక్కనే కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. నేను వేలితో తట్టి చూశాను. టక్‌మని మోగలేదు, మద్దెలలా బరువుగా పలికింది. “మామా, ఇది ఏం కట్టె?” అన్నాను. “తుమ్మ. పోయిన నెలనే కొట్టిచ్చిన.” పచ్చిదా అంటే తల ఊపాడు. “అలకగ చేస్తే దేవుని ముంగట సిగ్గుగాదా బిడ్డా?” అన్నాడు. తేలిగ్గా ఉంటే సిగ్గని పచ్చి కట్టె బరువంతా జనం భుజాల మీద పెట్టాడన్నమాట.

తొమ్మిదికి పాట ఎత్తుకుని బయల్దేరాం. మొదటి స్థలం దాటేసరికే మోసేవాళ్ల మెడలు వంకర్లు పోయాయి. రెండో వంతు వాళ్లు సగం దారిలోనే భుజం మార్చమన్నారు. మూడో స్థలం దగ్గర సిలువ ఒక్కసారిగా ఒరిగింది. పదిమంది ఉరికి పట్టుకున్నారు గానీ లేకపోతే అక్కడే నేల తాకేది. నాలుగోదాని దగ్గరకొచ్చేసరికి పదకొండున్నర. ఎండ చుర్రుమంటోంది. వెనకాల గంజి గుండిగలతో ట్రాక్టర్ వస్తోంది. ఫాదర్ చిన్నవాడు, మెత్తని మనిషి. మామ దగ్గరికొచ్చి, “రాయప్పగారూ, ఉపవాసం ఉన్నవాళ్లు పడిపోతారేమో. దిబ్బ కింది దాకా ట్రాక్టర్‌లో పెడదామా? దేవుడేమీ అనుకోడు,” అన్నాడు. అందులో తప్పేమీ లేదు. మామ “మీ ఇష్టం ఫాదర్” అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

నేను ఆయన్ని పక్కకు లాగి నీళ్లిచ్చాను. ఆయన తాగలేదు. వంగని ఆ రెండు వేళ్లనూ రెండో చేత్తో నిమురుకుంటూ అన్నాడు: “అది ట్రాక్టర్ ఎక్కిందంటే నా రంపం అటుక మీదికే బిడ్డా. మల్ల దించ. చేతగానోడు చేతగాని పని చేసిండంటరు.” నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరినైనా తిట్టాలనిపించింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

“ఐదో స్థలం దాకా పోదాం. ఆచారం తప్పొద్దు. ఆ తర్వాత ట్రాక్టర్,” అని తేల్చాడు ఉపదేశి. ఊళ్లలో ప్రార్థనలు నడిపించే పెద్దాయన ఆయనే. ఐదో స్థలం పక్కన చెరుకు కొడుతున్నారు. గట్టు మీద నడివయసు మనిషి ఒకామె మోపును లారీకి ఎత్తించి, చీర కొంగుతో చెమట తుడుచుకుంటోంది. ఉపదేశి చేతులు జోడించి పిలిచాడు.

“అక్కా, జర భుజం పడుతవా?”

“మేం మీ గుడోళ్లం గాదు గద అన్నా.”

“గందుకే పిలుస్తున్నం.”

ఆమె పేరు బసమ్మ. కర్ణాటక సరిహద్దులో ఉండే న్యాల్‌కల్ వైపు ఊరు, కూలీలకు పెద్ద. చేతులు కడుక్కుని వచ్చింది గానీ వెంటనే భుజం పెట్టలేదు. చుట్టూ తిరిగి మోస్తున్న ఎనిమిది మందినీ చూసింది. “వీళ్లను గిట్ల ఎవరు నిలవెట్టిన్రు?” అంది.

సంగతి ఏమిటంటే, ఇక్కడ ముందు భుజం ఎప్పుడూ సంఘం పెద్దలది. పొట్టివాడైనా పొడుగువాడైనా గౌరవం ప్రకారమే వరస. పాత సిలువ తేలిక కాబట్టి చెల్లింది. ఇప్పుడేమో పొట్టిగా ఉన్న పెద్దలు గౌరవంగా చెయ్యి ఆనించి నడుస్తుంటే, బరువంతా వెనకున్న ఇద్దరు పొడుగువాళ్ల నెత్తిన పడుతోంది. మూడు ఊళ్ల వాళ్లూ అదే పని చేశారు. మూడొందల మందిలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

“పొడుగును జూసి జోడు పెట్టాలె. మా చెరుకు మోపులు గంతే,” అంది బసమ్మ. “ఏ ఊరోడని చూడొద్దు. భుజం మీద తువ్వాలు మడత పెట్టుకోండ్రి. ఇంకోటి, మీరు నిలవడి పాట పాడుతున్నరు. నిలవడితే బరువు, నడిస్తె అలక. నడుసుకుంట పాడుండ్రి.”

ఉపదేశి ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ నవ్వి, “ఇవాళ సీమోను ఏం చెబితే అదే,” అన్నాడు. ఇక చూడాలి ఆ సందడి. కోహీర్ పెద్దమనిషి ఝరాసంగం కుర్రాడితో జోడయ్యాడు. మగవాళ్లలో నా ఎత్తువాడు ఒక్కడు మిగిలిపోయాడు. బసమ్మ నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు రా చెల్లె,” అంది. ఈ సిలువకు ఆడవాళ్లు ఎన్నడూ భుజం పెట్టలేదట. ఆ మాట ఎవరో అననే అన్నారు. “మరి నేనేంది?” అంది బసమ్మ. అంతటితో ఆ చర్చ ముగిసింది. ఆటో డ్రైవర్ చెప్పింది నిజమే, చూసేవాళ్లనే పట్టుకుంటారు.

భుజం మీద పడగానే ఎముక కలుక్కుమంది. పది అడుగుల తర్వాత నడక కుదిరింది. పాట అడుగుల వేగాన్ని అందుకుంది. చాయ్ మానేసి ఏదో సాధించాననుకున్నందుకు సిగ్గేసింది. పక్కవాడి భుజం ఎంత ఎత్తుందో చూసి నడవడం కదా నిజమైన తపస్సు అనిపించింది. ఆరో స్థలం రాగానే బసమ్మ వంతు అయిపోయింది. ఆమె కదల్లేదు. “దిబ్బ దాకా వస్త,” అని, చేలోని కూలీలకు కేక వేసి చెప్పి, ప్రతి జోడునూ తనే మార్చింది. ట్రాక్టర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దిబ్బ ఎక్కడం అన్నిటికంటే కష్టం. ఎర్రమట్టి కాళ్ల కింద జారుతోంది. అక్కడ ఎనిమిది మంది పన్నెండయ్యారు. చివరి మలుపులో మామ వచ్చి చొక్కా చేతులు మడిచి, “నాకు జోడెవరు?” అన్నాడు. బసమ్మ ఆయన్ని చూసింది, చేతిని చూసింది. “నేనే,” అని పక్కన నిలబడింది. మూడు గంటలకు ఐదు నిమిషాల ముందు సిలువ గుంతలో దిగింది. చప్పట్లు కొట్టే రోజు కాదని తెలిసి కూడా జనం కొట్టేశారు. ఫాదర్ కూడా కొట్టాడు. నేనైతే గట్టిగా ఏడ్చేశాను.

గంజి మొదటి గరిటె బసమ్మ గిన్నెలో పడింది. జొన్న గంజి, పక్కన మిరపకాయ కారం. మామ ఆమె ఎదుట కూర్చుని, “తప్పు చేసిన చెల్లె. వచ్చే ఏటికి చెక్కి అలక చేస్త,” అన్నాడు. ఆమె ఇంకో గుటక తాగి, “ఎందుకు? వచ్చే ఏటికి అదే ఎండుతది. నువ్వు రంపం పట్టుకొని మా ఇంటికి రా. వాకిలి తలుపు ఊగులాడుతున్నది, కొత్తది కావాలె,” అంది. మామ తన చేతి వైపు చూసుకుని, “ఏ కట్టె పెట్టాలె?” అని అడిగాడు.

తిరుగు ప్రయాణంలో భుజం వాచింది, సెగ పుట్టింది, నాకు గొప్పగా ఉంది. నలభై రోజుల ఉపవాసాన్ని ఇన్నేళ్లూ నేను ఒంటరి వ్యవహారం అనుకున్నాను. ఎవరి మొక్కు వాళ్లది, ఎవరి ఆకలి వాళ్లది. ఆ రోజు దిబ్బ మీద అది మూడు ఊళ్ల భుజాల మీదుగా, మా గుడి గడప కూడా తొక్కని ఒక మనిషి భుజం మీదుగా నడిచి వచ్చింది. దేవుడు సీమోనును ఎందుకు పిలిపించాడో నాకు బసమ్మను చూశాకే అర్థమైంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఏ శుక్రవారమో ముందే గుడిలో కనుక్కోండి. దిబ్బ నుంచి ఊళ్లోకి షేర్ ఆటోలు ఐదున్నర దాకే ఉంటాయి, మనిషికి ముప్పై రూపాయలు. మందమైన తువ్వాలు ఒకటి తప్పక తీసుకెళ్లండి. చూడటానికే వచ్చామని చెప్పినా సరే, అది మీ భుజానికి అవసరం పడుతుంది. నిన్న మామ ఫోన్‌లో మాట్లాడింది ఇరవై సెకన్లే: “బసమ్మ తలుపు అయిపోయింది. ఇంకో మూడు చెప్పిన్రు. పని ఉన్నది, ఫోన్ పెట్టేయి బిడ్డా.”