డబ్బాలో వచ్చిన ఊరి నీళ్ళు

హైదరాబాదులో నాకు కిరాయి గది దొరక్కపోవడానికి కారణం నా పళ్ళు. కులం అడిగితే చెప్పేవాణ్ణి, ఏం చదువుతున్నావంటే చెప్పేవాణ్ణి. అంతవరకూ బాగానే నడిచేది. తర్వాత ఏదో మాటకు నవ్వేవాణ్ణి. ముందుపళ్ళ మీది గోధుమరంగు గార చూడగానే ఇంటివాళ్ళ ముఖం మారిపోయేది. "చదువుకునే పిలగానివి, గప్పుడే జర్దా పాన్లా?" అని ఒకాయన మొహం మీదే తలుపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాన్ రుచే ఎరగనివాణ్ణి. మా ఊళ్ళో అందరి పళ్ళూ ఇంతేనంటే మాత్రం ఎవరు నమ్ముతారు?

మా ఊరు రామన్నపేటకు అవతల. మాది నేతపని. మా ఊళ్ళో నలభై దాటినవాళ్ళు ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవలసిందే. నడుం వంగిపోయేది, మెడ బిగుసుకుపోయేది, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. నేతవాళ్ళు మగ్గం గుంటను తిట్టుకునేవాళ్ళు. గొర్ల కాపర్లు వానలో తడిసిన నేల మీద పడుకోవడం వల్లే అనుకునేవాళ్ళు. ఆడవాళ్ళు కాన్పుల మీదికి తోసేవాళ్ళు. ఎవరి కారణం వాళ్ళకుంది కాబట్టి ఇంకో కారణం ఎవరూ వెతకలేదు.

బాపుకు అప్పటికే మెడ తిరిగేది కాదు. నన్ను పట్నం పంపింది అందుకే. "నా తీరుగ నువ్వు వంగొద్దు బిడ్డా. గుంటల కాలు వెట్టకు. చదువుకొని కుర్సీల కూసో" అన్నాడు. ఉద్యోగం గురించి, జీతం గురించి ఒక్క మాటా అనలేదు. ఆయనకు కావలసిందల్లా నా నడుం నిటారుగా ఉండటమే.

చివరికి జర్దా నమిలే ఒక ముసలమ్మే నాకు గది ఇచ్చింది. నా పళ్ళు చూసి, "నువ్వు గూడ నా జట్టే" అని ఎర్రగా నవ్వింది. నేను కాదనలేదు. గదికి కిటికీ లేదు, గోడలు చెమ్మకు ఉబ్బి ఉండేవి. అయినా ఇల్లు దొరికింది కదా అని ఆనందపడ్డాను. నన్ను ఓడించింది వాకిట్లోని నల్లా. ఆ నీళ్ళు చప్పగా ఉండేవి, ఎంత తాగినా దూప తీరేది కాదు. కడుపు చెడిపోయింది. నీళ్ళు పడలేదు, అంతేనని నేనే తీర్మానించుకున్నాను.

దసరాకు ఊరికి పోతే నన్ను కన్న అవ్వ చిక్కిపోయిన నా ముఖం చూసి బుగ్గలు నొక్కుకుంది. "గండిపేట నీళ్లు తాగినోడు మళ్ల ఊరి మొఖం చూడడంటరు. గా పట్నం సప్పటి నీళ్లు నీకెందుకురా? మన బాయి ఎండిపోయిందా?" అంది. అవ్వ మాటంటే మా ఇంట్లో మాటే. కిరసనాయిలు డబ్బా ఒకటి చింతపండుతో, బూడిదతో వాసన పోయేదాకా తోమించింది. ఇక వారం వారం బాపు ఆ డబ్బా నిండా బావినీళ్ళు భుజానెత్తుకుని రోడ్డు దాకా నడిచి, నార్కట్‌పల్లి నుంచి వచ్చే బస్సెక్కించేవాడు. నేను గౌలిగూడ బస్టాండులో దించుకునేవాణ్ణి.

ఆ నీళ్ళు గొంతు దిగితే ఊళ్ళో ఉన్నట్టే ఉండేది. కడుపు కుదురుకుంది, చదువు కుదిరింది. మూత మీద ఇటుక పెట్టి మరీ కాపాడుకునేవాణ్ణి. "రేపు పెండ్లామొచ్చినా గింత పైలంగ చూస్కోవు" అని ముసలమ్మ ఎగతాళి చేసేది.

రెండేళ్ళు గడిచాక, ఒక పొద్దున చెప్పులు తొడుక్కోవడానికి వంగితే నడుం పట్టేసింది. చలికేమో అనుకున్నాను. ఎండాకాలం వచ్చినా వదల్లేదు. క్లాసులో వెనక నుంచి ఎవరో పిలిస్తే, మెడ తిప్పకుండా మనిషినంతా తిరిగి చూశాను. బాపు చూసే తీరు అది. మగ్గం గుంటలో నేను కాలు పెట్టి ఏళ్ళయింది. మరి ఇదెక్కడి నుంచి వస్తోంది?

దవాఖానాలో డాక్టరు నన్ను వంగమన్నాడు, లేవమన్నాడు, నోరు తెరవమన్నాడు. పళ్ళు చూడగానే, "నల్గొండ దిక్కా?" అని అడిగాడు. అవునన్నాను. పట్నం వచ్చి రెండేళ్ళయిందంటే ఆయన ముఖం తేటపడింది.

"అయితే ఫికర్ లేదు. ఇక్కడి నీళ్లు తాగుతున్నవు గదా, ఇగ ముదరదు."

"లేదు సార్, ఇప్పటికీ మా ఊరి నీళ్ళే తెప్పించుకుంటున్న" అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. రోగం మగ్గంలో లేదు, వానలో లేదు, కాన్పులో లేదు. మా బండల్లోంచి బావిలోకి దిగే ఉప్పులాంటిదేదో తాగినకొద్దీ బొక్కల్లో, కీళ్ళల్లో చేరి వాటిని బిగించేస్తోంది. చేరింది ఇక పోదు, కొత్తగా చేరకుండా చూసుకోవడమే మందు.

ఆ వారం బస్సులో డబ్బాతోపాటు బాపు కూడా వచ్చాడు. గదిలో దించీ దించకముందే విన్నదంతా చెప్పేశాను. బాపు గోడకు ఆనుకున్నాడు. నన్ను చూడటానికి మనిషంతా తిరిగాడు.

"మీ చెల్లె గూడ గవే తాగుతాంది గదరా" అన్నాడు. నా చెల్లెలికప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి. "ఊరంతటికి ఒక్కటే బాయి. మరేం తాగమంటవు?"

ఆయనే డబ్బాను వాకిట్లోకి ఈడ్చుకుపోయి, నీళ్ళన్నీ మోరీలో ఒలకబోసి, నల్లా కింద పెట్టాడు. ముసలమ్మ నమలడం ఆపి చూస్తోంది. డబ్బా నిండింది.

"చిన్నదానికి వారం దినాలొస్తయి" అన్నాడు.

"మీకో, బాపూ?"

"మాదేమున్నది? వంగినోళ్లం వంగినం."

బస్టాండు దాకా నేను మోస్తానని డబ్బా మీద చెయ్యి వేశాను. బాపు నా చెయ్యి తోసేశాడు. "నువ్వెత్తకు. నీ నడుం పైలం" అని, నిండు డబ్బా తన భుజానికే ఎత్తుకున్నాడు.