గేరు మా వదినది

మా అన్న పోయాడు. ఆ రోజు ఐదో తరగతికి ఎక్కాలు చెప్తున్నాను. బడి ఆయా తలుపు దగ్గర నిలబడి, "టీచరమ్మా, మీ అన్నకు బాగలేదట, దవాఖానకు జల్ది రమ్మంటున్నరు" అంది. బాగలేదు అని అట్లా తల వంచుకుని చెప్తే దాని అర్థమేమిటో బొగ్గుబాయిల పక్కన పెరిగిన నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చాక్‌పీసు చేతిలో పట్టుకునే పరుగెత్తాను. నేను పోయేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. కొన్నాళ్ళుగా దమ్ము ఆడక తిప్పలు పడుతున్న మనిషి. ఇక ఆ తిప్పలు లేవు.

అప్పుడు ఏడ్చాను. తర్వాత ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చల్లగా రాయాలంటారు. నా వల్ల కాదు.

ముందు ఆ సంతాప సభ సంగతి. కాలనీ మైదానంలో షామియానా వేశారు, మైకు పెట్టారు, ఫోటోకు దండ వేశారు. బాగానే ఉంది. ఒకరి తర్వాత ఒకరు లేచి మా అన్న కారు గురించే మాట్లాడారు. ఒంటికాలితో ఇంగ్లీషు కారు నడిపిన మొనగాడు అన్నారు. చివరికి ఒకాయన గొంతు సవరించుకుని, "కాలు పోయినా ఎవరి సాయమూ లేకుండా, ఒంటరిగా ఆ కారు నడిపిన ధీరుడు" అన్నాడు. చప్పట్లు! ఎవరి సాయమూ లేకుండానా? మా వదిన నా పక్కనే చాప మీద కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. నేను లేవబోతే నా కొంగు పట్టి గుంజి కూర్చోబెట్టింది. "ఊకో పిల్లా, లొల్లి చెయ్యకు" అంది. ఆ రోజు ఊకున్నాను. ఇప్పుడు ఊకోను.

ఆ కారు చూడనివాళ్ళకు చెప్పాలి. అరవైల్లో మా అన్న బాయిలో హాలేజీ ఇంజను దగ్గర పని చేసేవాడు. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను అది. ఆ రోజుల్లో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక ఇంగ్లీషు దొర ఇక్కడ కొంతకాలం ఉన్నాడు. ఆయనకో కారు ఉండేది. ముదురాకుపచ్చ రంగు, పైకప్పు లేదు, సైకిలు చక్రాల్లా పుల్లల చక్రాలు, ఇద్దరికే చోటు. ఊళ్ళోవాళ్ళు దాన్ని తొట్టికారు అనేవారు. మా అన్న సెలవు రోజుల్లో పోయి దాన్ని కడిగేవాడు, తుడిచేవాడు, దాని చుట్టూ తిరిగేవాడు. దొర తన దేశం పోతూ దాన్ని మా అన్నకు ఇచ్చిపోయాడు.

ఇంక చూడండి. దానికి ఒక్క నట్టు మార్చినా మా అన్న ఒప్పుకునేవాడు కాదు. "దొర ఎట్లిచ్చిండో గట్లనే ఉండాలె" అనేవాడు. బాయి గేటు దగ్గర కాంట్రాక్టరొకడు దీనికి జీపు ఇంజను వెయ్యి, వెనక రేకు కోసి ఇంకో సీటు పెట్టు, పనికొస్తుంది అని సలహా ఇచ్చాడు. "నీ మొఖానికి ఇంకో ముక్కు వెట్టుకో పో, గది గూడ పనికొస్తది" అన్నాడు మా అన్న. దసరా నాడు మా వదిన ఆయుధ పూజకని కారు ముందు భాగాన పసుపు రాసి కుంకుమ బొట్టు పెడితే, పండుగ పూట కొత్త అంగీతో దాన్ని తుడిచేశాడు. "బొట్టు పెడితే దొరతనం పోతదా అన్నా?" అని నేను కొట్లాడాను. "నీకు సమజ్ గాదు, నువ్వు లోపలికి నడువు" అన్నాడు. మా వదిన మరుసటేడు నుంచి టైరు లోపలివైపు, ఆయనకు కనబడని చోట బొట్టు పెట్టింది.

ఆ రోజుల్లో ఆ పక్క సీట్లో ఆమె ఎక్కిందే లేదు. ఆయన దోస్తులు ఎక్కేవారు. ఆమెను రమ్మంటే, "గా తొట్టిల కూసోని ఊరందరికి మొఖం సూపియ్యాల్నా? నాకేం కర్మ" అని వాకిలి ఊడ్చుకునేది.

డెబ్బైలు వచ్చాయి. ఒక రోజు పొద్దుటి షిఫ్టులో మా అన్న ఎడమ కాలు టబ్బుల కింద పడింది. దవాఖానలో మోకాలి పైకి తీసేశారు. బతికాడు. తర్వాత లాంపు రూములో, బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలు ఇచ్చే చోట, కూర్చుని చేసే పని ఇచ్చారు. కానీ ఇంట్లో మనిషి మనిషిలా లేడు. క్వార్టరు పక్కన టార్పాలిన్ పట్టా కప్పిన కారు. దానికెదురుగా మంచం వేసుకుని పొద్దంతా దాన్నే చూసేవాడు. కారు నడవాలంటే క్లచ్చు తొక్కాలి. తొక్కే కాలు లేదు.

వర్క్‌షాపు వెల్డరు ఒకతను వచ్చి, "అన్నా, క్లచ్చు పెడల్ తీసేద్దాం. కింద రేకుకు తొర్ర కొట్టి, రెండు సీట్ల నడుమ చేత్తోని గుంజే రాడ్ పెడదాం" అన్నాడు. మా అన్న చేతికందిన చెంబు అతని మీదికి విసిరాడు. "నా కారుకు తొర్ర వెడ్తవా! దొర చూస్తే ఏమనుకుంటడు?" దొర ఏడు సముద్రాల అవతల ఉన్నాడు, ఈ కారు ఉన్నదో లేదో కూడా ఆయనకు తెలియదు. ఈయనకు ఆ దొర ఏమనుకుంటాడోనని ఫికర్!

అప్పుడు మా వదిన వంటింటి గడపలోకి వచ్చింది. చేతులకు జొన్నపిండి ఉంది. గొంతు పెంచకుండానే అంది. "డాక్టరు నీ కాలు కోసిండు. నువ్వు నువ్వు గాకుంట పోయినవా? నిన్ను తీస్కపోయి అవతల పారేసినమా? రేకుకు తొర్ర వడితే ఏం కొంప మునుగుతదో నాకైతే సమజైతలేదు."

మా అన్న తెల్లారి వెల్డరును తనే పిలిపించాడు. ఇనుము కోసే ఆక్సా రంపం మాత్రం మొదట ఎవరికీ ఇవ్వలేదు. నేల మీద కూర్చుని, కారు లోపలికి వంగి, పళ్ళు బిగబట్టి తనే కోశాడు. సగం కోసి ఆక్సా వెల్డరు చేతికిచ్చి, గోడ పట్టుకుని పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. ఒక వస్తువును అంతగా ప్రేమించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. దానికి తోడు అంత మొండి మనిషిని కూడా చూడలేదు.

రాడ్ పెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. కుడి చెయ్యి స్టీరింగు మీద ఉండాలి. ఎడమ చెయ్యి క్లచ్చు రాడ్ గుంజి పట్టుకోవాలి. మరి గేరు ఎవరు వేస్తారు? మూడో చెయ్యి కావాలి. దోస్తులు ఒక్కొక్కరే పక్కన కూర్చుని చూశారు. ఒక్కొక్కరినే తిట్టాడు. ఒక్కొక్కరే దిగిపోయారు. ఆయన నోటికి నిలబడగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. కొంగు నడుముకు దోపుకుని మా వదిన వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

మైదానంలో నేర్చుకున్నారు. కాలనీ అంతా గోడలెక్కి చూసింది. "సెకండ్ అంటున్న! చెవుల బొగ్గు వెట్టుకున్నవా?" అని ఆయన అరుపులు మా బడిదాకా వినబడేవి. ఆడమనిషి గేరు వెయ్యడమేందని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళలో ఇద్దరు మొన్న మైకు ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు కూడా. మా వదిన నవ్వులూ పట్టించుకోలేదు, తిట్లూ పట్టించుకోలేదు. కొన్నాళ్ళకు ఆయన చెప్పకముందే ఇంజను చప్పుడు విని గేరు వేసేది. ఆమె వేసిన తర్వాత ఆయన "ఎయ్!" అనేవాడు, తనే వేయించినట్టు.

రోజూ డ్యూటీకి అట్లాగే పోయేవారు. బాయి గేటు దగ్గర ఆయన్ను దింపాక కారు అక్కడే నిలబడేది. ఒక్కరితో నడవదు కదా. మా వదిన నడిచి ఇంటికొచ్చి, వంట చేసి, షిఫ్టు అయ్యే వేళకు మళ్ళీ నడిచి పోయి, గేరు వేసి ఆయన్ను ఇంటికి తెచ్చేది. ఎండాకాలం ఈ బొగ్గు దుమ్ములో, నెత్తిన కొంగేసుకుని. ఏళ్ళ తరబడి! కారున్న ఇంటి ఆడమనిషి నడిచినంత ఈ కాలనీలో ఇంకెవరూ నడవలేదు. మైకుల ముందు ఎవరికీ అది గుర్తు రాలేదు.

నేను మా అన్నతో కొట్లాడాను. "కారు నువ్వు నడుపుతున్నవా, మీరిద్దరు నడుపుతున్నరా? నలుగుట్ల ఒక్కసారి చెప్తే నోట్ల ముత్యాలు రాలిపోతయా?" అన్నాను. "బండి నాది, గేరు ఆమెది. నడుమల నీకేంది?" అన్నాడు. అంతకంటే ఆయన నోటి నుంచి రాదు. నలుగురిలో ఆ మాట కూడా అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, పోయాడని పోలేదు.

అట్లాగని మా అన్న చెడ్డవాడని ఎవరైనా అంటే వాళ్ళతోనూ కొట్లాడతాను. నాకు పెళ్ళి చేసి పంపాలని మా నాయిన పట్టుబడితే అడ్డం పడి నన్ను టీచరు ట్రైనింగుకు పంపింది మా అన్నే. "చదువుకోనీ నాయినా. దానికి నోరున్నది, గది బడిలనన్న పనికొస్తది" అన్నాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే.

ఇక సికింద్రాబాదు పెద్దమనిషి సంగతి. దినాలు అయ్యాక వచ్చాడు, డ్రైవరును వెంటబెట్టుకుని. పాత కార్లు కొని బాగు చేయించుకునే మనిషట. అన్న లేడు కనుక క్వార్టరు ఖాళీ చెయ్యాలి, మా వదినకు కారు పెట్టుకునే చోటు లేదు. అది తెలిసే వచ్చాడు. పట్టా తీసి చూశాడు. చేతిరుమాలుతో దుమ్ము తుడిచాడు. మర్యాదగల మనిషే, కాదనను. లోపలికి వంగి ఆ తొర్ర చూసి, "అయ్యయ్యో, ఎంత పని చేశారమ్మా! ఇది ద్రోహం" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రేకు కోసినందుకు!

"మా అన్న కాలు కోసినప్పుడు మీకు కబురు రాలేదేమో" అన్నాను నేను.

ఆయన నొచ్చుకున్నాడు. మా వదిన వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, నేను దీన్ని మళ్ళీ అసలు రూపానికి తెస్తాను. ఈ రాడ్ తీసేసి పెడల్ పెట్టిస్తాను. ఈ తొర్ర మూయిస్తాను. కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లా ఉంటుంది. మళ్ళీ ఒక్కరే నడుపుకోవచ్చు."

అసలు రూపమట! దొర దగ్గర ఉన్నన్నాళ్ళ కంటే మా ఇంట్లో ఎక్కువ కాలం ఉంది. వచ్చిన రోజు ఎట్లా ఉందో అదే అసలైతే, ఆ తర్వాత మా వాళ్ళు బతికిందంతా ఏమిటి? నేను నోరు తెరవబోయాను. ఈసారి కూడా మా వదినే ఆపింది.

"ఒక్కరే నడపొచ్చా?" అని అడిగింది.

"అవునమ్మా. ఇంకొకరి అవసరమే ఉండదు."

ఆమె లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. అయిపోయింది, ఇచ్చేస్తోంది అనుకున్నాను. అప్పటికే పెద్దమనిషి డ్రైవరు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. మా వదిన ఎప్పుడూ ఎక్కే ఎడమవైపు కాకుండా అతని వైపు పోయి నిలబడింది. "దిగు" అంది. అతను దిగాడు. ఆమె ఎక్కి కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కాలు బ్రేకుకు అందుతుందో లేదో చూసుకుంది.

"టీచరమ్మా, ఎక్కు. గేరు నువ్వెయ్యాలె" అంది నాతో.

"మీకు నడపడం వచ్చా అమ్మా?" అన్నాడు పెద్దమనిషి కంగారుగా.

"సగమొచ్చు. కడమ సగం నేర్సుకుంట. కారు నేనియ్య, మీరు పోయిరాండ్రి."

ఇంజను అందుకుంది. నేను ఆ గేరు నాబు పట్టుకుని ఎటు తోయాలో తెలియక అటూ ఇటూ కదిలిస్తుంటే, "ముందలికి తొయ్యి!" అంది. తోశాను. కారు ఎగిరిపడి కదిలింది, పక్కింటి నీళ్ళ డ్రమ్మును రాసుకుంటూ గల్లీలో వంకర టింకరగా పోయింది. పిల్లలు, కోళ్ళు పక్కకు ఉరికారు.

"ఎటు పోతున్నం వదినే?"

"మా తల్లిగారి ఊరికి. కొట్టం ఖాళీగున్నది, అండ్ల పెడత. ఎన్కకు గుంజు, సెకండ్!"

నేను ఆమె ముఖమే చూస్తున్నాను. "నా మొఖం మీదున్నదానే గేరు? ఎయ్యవే!" అని అరిచింది. ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి అంత గట్టిగా అరవగా నేను వినలేదు. పెద్దరోడ్డు ఎక్కాక కూడా ఆపలేదు. నన్ను తిట్టింది, సికింద్రాబాదు ఆయన్ను తిట్టింది, మైకు ముందు మాట్లాడినవాళ్ళను పేరుపేరునా తిట్టింది. అందరికంటే ఎక్కువగా మా అన్నను తిట్టింది, నన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి యాడికి పోయినవ్ అని. కళ్ళనీళ్ళు ఎదురుగాలికి చెవుల వైపు పారుతున్నాయి. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి రాడ్ మీద ఉంది, తుడుచుకునే దారి లేదు.

నేను కొంగుతో తుడవబోయాను.

"గేరు మీంచి చెయ్యి తియ్యకు" అంది.