స్పూన్‌కు సున్నా

ఆటిజం పిల్లల రోజువారీ పనుల మీద సర్వే కోసం ఈ రోజు బయ్యారం దగ్గరి తండాకు వెళ్లాను. తొమ్మిదేళ్ల అనిత గోడవైపు తిరిగి కూర్చుంది.

స్పూన్‌తో తింటుందా అని అడిగితే, తల్లి తినదంది. ఫారంలో సున్నా వేశాను. షూ లేసులకూ సున్నానే. మూడో ప్రశ్నకు ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది.

“గిన్ని సున్నలు చూస్తే బడిల ఉంచుకుంటరా అక్కా? నువ్వు స్పూన్‌తోనే తింటవా?”

“చేత్తోనే తింటా.”

“మరి నీకెన్ని ఏసుకున్నవ్?”

బడికీ ఈ సర్వేకూ సంబంధం లేదని చెప్పినా చేయి వదల్లేదు.

“మ్యాకలన్నీ ఇల్లు చేరందే నా బిడ్డ బువ్వ ముట్టది. గది రాయి.”

ఫారంలో దానికి గడి లేదు. అంచున రాయొద్దని ట్రైనింగ్‌లో చెప్పారు, అయినా రాశాను. రేపు ఆఫీసులో తిట్లు ఖాయం. మీరైతే రాసేవారు కాదా?