పాత చీర చుట్టిన కంప్యూటరు

మా ఆయన పోయాక, అత్తయ్యగారు ఆయన కంప్యూటరుకు ప్లగ్గులన్నీ పీకేసి, దుమ్ము పడకూడదని తన పాత నేత చీరతో చుట్టిపెట్టారు.

నేను హైదరాబాద్‌లో పాఠ్యపుస్తకాలు వేసే ఒక సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. పెళ్లయ్యాక కూడా అక్కడ హాస్టల్లో ఉంటూ శని, ఆదివారాలు మండపేట వచ్చేదాన్ని. ఆయన పోయిన తర్వాత సెలవు మీద సెలవు పెట్టి ఇక్కడే ఉండిపోయాను. చివరికి ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పనిచెయ్యమన్నారు. అయితే సోమవారానికి వీపీఎన్ కనెక్ట్ కావాలి, కాకపోతే వచ్చి సీట్లో కూర్చోవాలి. ఇంటి కంప్యూటరు నుంచి ఆఫీసు ఫైళ్ల దాకా, మధ్యలో ఎవరూ చూడకుండా దారి వేసే ప్రోగ్రాం అది. పెన్‌డ్రైవ్‌లో పంపారు.

నాకు హాస్టల్‌కు వెళ్లాలని లేదు. ఆయన గురించి మామూలుగా మాట్లాడుకోవడానికి ఈ ఇంట్లో ఒక మనిషి ఉన్నారు. అక్కడ ఎవరూ లేరు.

శనివారం భోజనాలయ్యాక చీర విప్పి, ప్లగ్గులన్నీ మళ్లీ పెట్టాను. అత్తయ్యగారు దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. ప్రోగ్రాం ఇబ్బంది లేకుండా ఎక్కింది. సర్వర్ అడ్రస్, పాస్‌వర్డ్ చూసి చూసి కొట్టాను. కనెక్ట్ నొక్కితే సర్టిఫికెట్ చెల్లదని వచ్చింది. ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాను. అదే మాట.

“ఏమంటోందమ్మా?”

“నమ్మనంటోందండి.”

“నిన్నా? పెళ్లి శుభలేఖలో మా ఇంటిపేరే దిద్దినదానివి, నిన్ను నమ్మకపోవడమేంటి!”

ఆఫీసు సపోర్టుకు ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి అంతా విని, “మేడమ్, స్క్రీన్ మీద కింద కుడివైపు డేట్ ఎంతుందండి?” అని అడిగింది.

ఏళ్ల కిందటి జనవరి ఒకటో తేదీ ఉంది. చదివి వినిపించాను.

“అదేనండి. ఆ తేదీకి మన సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు, అందుకే చెల్లదంటోంది. చాలాకాలం ప్లగ్ తీసేసి ఉంచారా? లోపల గడియారానికి చిన్న సెల్ ఉంటుంది, అయిపోయుంటుంది. డేట్ మార్చి చూడండి.”

ఆ తేదీకి ఆయన్ని నేను ఇంకా చూడలేదు. సంవత్సరం, నెల, రోజు, టైము మార్చి కనెక్ట్ నొక్కాను. ఫోనుకు ఓటీపీ వచ్చింది. కొట్టగానే ఆఫీసు ఫోల్డర్లు తెరుచుకున్నాయి. సగం దిద్ది వదిలేసిన ఆరో తరగతి వాచకం అందులోనే ఉంది.

అత్తయ్యగారి మొహం చిన్నబోయింది. “అయితే నేను ప్లగ్గు పీకడం వల్లేనా?”

“మీరు చుట్టబట్టే లోపల దుమ్ము లేదండి.”

ఆవిడ కాస్త తేరుకున్నారు. “ఇప్పుడు నువ్వు ఆఫీసులో ఉన్నట్టా, ఇంట్లో ఉన్నట్టా?”

“రెండూనండి.”

“మరి సోమవారం క్యారేజీ కట్టాలా?”

“వద్దండి, వంటింట్లోకి వచ్చి తింటాను.”

“పిలిచినప్పుడు రావాలి. చల్లారితే మళ్లీ వేడి చెయ్యను. వాడికీ అదే చెప్పేదాన్ని.”

“ఆయన వచ్చేవారా?”

“ఎక్కడ! రోజూ వేడి చేసేదాన్ని.”

ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం బజారులో గడియారాల కొట్టుకు వెళ్లి సెల్ తెచ్చి మార్చాను. పడుకోబోయే ముందు ఆవిడ చీర మళ్లీ కప్పారు, ఈసారి మానిటరు మీద మాత్రమే. ప్లగ్గు జోలికి పోలేదు. సోమవారం పొద్దున్న ఆ చీర మడిచి ఆవిడ చేతికిచ్చి, వాచకంలో ఆపిన పేజీ దగ్గర మొదలుపెట్టాను.