అరువు తెచ్చిన నెమరు

ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. గేదె పొట్టలోని నాలుగు గదులనూ కళ్ళు మూసుకుని బోర్డు మీద గీసేవాణ్ణి. ఆ గదుల్లో ఎవరు కాపురముంటారో మాత్రం, ఉద్యోగం దిగిపోయాక, మా ఆవిడ గేదెను చంపినంత పని చేసి తెలుసుకున్నాను.

మేనకోడలి పెళ్ళి విందు మా పెరట్లోనే జరిగింది. చర్చి నుంచి వచ్చినవాళ్ళంతా తిని వెళ్ళాక గుండిగలో సగం అన్నం మిగిలింది. పారేయడానికి మనసొప్పలేదు. మా ఆవిడ పెళ్ళికూతుర్ని సాగనంపుతుంటే, నేను తొట్టి నిండా అన్నం పోసి గేదె ముందు పెట్టాను. అది తింటున్నంతసేపూ నా ఉదారతకు నేనే మురిసిపోయాను.

మర్నాడు గేదె లేవలేదు. పొట్ట ఉబ్బింది, పేడ పుల్లటి వాసన. మా ఆవిడ మాత్రం దాని దవడకేసే చూస్తోంది.

"నెమరు మానేసిందండి," అంది. దూడప్పుడు తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచుకున్న గేదె అది.

పశువుల డాక్టరమ్మ గారు వచ్చి, నా నేరం విని, నెమ్మదిగా చెప్పారు. "బయట్నుంచి ఏ రోగమూ రాలేదండి. గడ్డి అరిగించే సూక్ష్మజీవులు లోపలే ఉంటాయని మీకు తెలియందేముంది. అన్నం ఒక్కసారిగా వచ్చి పడేసరికి, వాటిలో పులుపు పుట్టించేవి ఎగబడి పెరిగిపోయేయి. అవీ రోజూ ఉండేవేనండి. ఆ పులుపుకి మిగతావి చచ్చిపోతున్నాయి."

గేదెని ఇంటి యజమాని అనుకున్నాను ఇన్నాళ్ళూ. అద్దెకున్నవాళ్ళు వండిపెడితేనే దానికి ముద్ద.

సెలైన్ ఎక్కించి, వంటసోడా నీళ్ళు పట్టాక ఆవిడ అన్నారు: "ఇంక మంచివాటిని మళ్ళీ లోపలికి పంపాలండి. అవి నెమరు ముద్దలో ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్న గేదె నోట్లోంచి తెచ్చి పట్టండి."

డాక్టరమ్మ గారు వెళ్ళాక మా ఆవిడ నాతో మాట మానేసింది.

మా వీధిలో పప్పూ ఉప్పూ అరువిస్తారు గానీ నెమరివ్వరు. దాంతోపాటు ఇచ్చిన గేదె పాలూ పోతాయంటారు. అది మూఢనమ్మకమని పక్కింటి పిన్నిగారికి ఒకప్పుడు అరగంట పాఠం చెప్పినవాణ్ణి నేనే. ఇప్పుడు ఆవిడ గుమ్మంలోనే నిలబడ్డాను.

"పాలు పోతాయేమోనండి మేస్టారూ," అన్నారావిడ.

"అదంతా ఉత్తిదేనండి పిన్నిగారూ."

"మీకు ఉత్తిదేనండి. గేదె నాది కదా."

ఆవిడ దడి అవతల నిలబడ్డ మా ఆవిడను చూశారు. "ఆయ్, రండి. అమ్మాయి మొహం చూసి ఇస్తున్నానండి, మీ పాఠం విని కాదు."

తీరిగ్గా నెమరేస్తున్న తన గేదె పక్కన నిలబడి, దాని గొంతుకేసి చూస్తూ కాచుకున్నారు. ముద్ద పైకి రావడం నాకు తెలియనే లేదు. అప్పటికే ఆవిడ చెయ్యి నోటి పక్కనుంచి దూరి బయటికొచ్చింది. అరచేతిలో వెచ్చటి పచ్చటి ముద్ద. నా సూక్ష్మదర్శినికి కూడా లెక్క అందనంతమంది అందులో ఉన్నారు. చదువు నాది, చెయ్యి ఆవిడది. ఆ పూట చెయ్యే గెలిచింది.

అలా నాలుగు ముద్దలు తీశారు. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, వెదురు గొట్టంతో మా ఆవిడే పట్టింది. సాయంత్రం మళ్ళీ, మర్నాడు పొద్దున్న మళ్ళీ. పాలేమీ తగ్గలేదని పిన్నిగారే కబురు చెప్పారు. నేను పాఠం ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం గేదె దవడ ఒక పక్కకు కదిలింది. ఆగింది. రెండో పక్కకు కదిలింది.

"నెమరు తిరిగిందండి," అన్నారు చూడ్డానికొచ్చిన పిన్నిగారు.

లోపల ఏం జరిగిందో వివరిద్దామని గొంతు సవరించుకున్నాను.

"మీరుండండి, దాన్ని నమలనివ్వండి," అంది మా ఆవిడ.

లేచి వెళ్ళి గడ్డి తెచ్చాను. ఎంత వెయ్యాలో మా ఆవిడనడిగి, అంతే వేశాను.